గుత్త రేటుకి ఇచ్చేయమంటున్నాడు: బ్యాటరీలు, సీసం, పాదరసం, ఇంకా ఏవేవో. ఏం చెయ్యాలి? (గాజువాక)

ఆటోనగర్_షెడ్డు
నెలాఖరుకి షెడ్డు ఖాళీ చేసి తాళాలు ఇచ్చెయ్యాలి. మూల పడున్న సరుకు ఇది.
150 ఏహెచ్ ట్యూబులర్ ఇన్వర్టర్ బ్యాటరీలు 22. పాత డీసీ ప్యానెల్‌వి తెల్ల ప్లాస్టిక్ సెల్స్ 40, లోపల నీళ్ళలాంటిది ఇంకా ఉంది. సీసం రేకు చుట్ట 60 కిలోలు, ఎక్స్‌రే గది గోడలోంచి తీసిందట. పాదరసం బీపీ మిషన్లు 2. కాలిపోయిన ట్యూబులైట్లు 200 దాకా. రాగి రంగు సుత్తులు, స్పానర్లు ఒక పెట్టె, 14 కిలోలు. ఆఖరున పిడి ఉన్న ఒక గుండ్రటి ఇనుప డబ్బా. చిన్నదే గానీ ఎత్తాలంటే ఇద్దరు కావాలి.
గుజిరీ కొట్టాయన వచ్చి చూశాడు. బ్యాటరీల్లో యాసిడ్ పారబోసి ఇస్తే కిలోకి ఎక్కువిస్తాడట, మిగతాదంతా కలిపి గుత్త రేటట. ఇచ్చేసి చేతులు దులుపుకోవడమా, విడివిడిగా అమ్మడమా?

గుజిరీ_గురువు
గుత్త అన్నాడంటే ఆ కుప్పలో నీకు తెలియనిది ఏదో ఆయనకి కనపడిందని అర్థం. ముందు విడదీయి.

కాటా_కింగ్
యాసిడ్ పారబోస్తే ఎక్కువిస్తాననడం పాత పాట. లెక్క చూడు. 150 ఏహెచ్ ట్యూబులర్ నిండుగా మోడల్‌ని బట్టి 50 నుంచి 60 కిలోలు. నీవి 56 అనుకుందాం. అందులో యాసిడే 18 కిలోల దాకా ఉంటుంది, ఒంపేస్తే మిగిలేది 38. అంటే నిండు రేటుకి డ్రై రేటు 1.47 రెట్లు ఉంటేనే నీకు సమానం. నిండుకి 80 అనుకుంటే డ్రైకి 118 రావాలి. 100 ఇస్తానని ఊరిస్తాడు, నువ్వు బ్యాటరీకి 680 పోగొట్టుకుంటావు. 22 బ్యాటరీలకి 15 వేలు గెడ్డలో (వాగులో) పోసినట్టే.

గెడ్డ_గట్టు
గెడ్డలో పోసినట్టే కాదు, నిజంగానే గెడ్డలో పోస్తారు. ఆ యాసిడ్‌లో సీసం సల్ఫేటు మడ్డి కలిసి ఉంటుంది. ఆ గెడ్డలన్నీ ఎక్కడికి పోతాయో గాజువాకలో ఎవరినడిగినా చెప్తారు.

ఆటోనగర్_షెడ్డు
రెండు బ్యాటరీలకి డొక్క పగిలి కారుతోంది. వంటసోడా చల్లితే చాలా?

పసుపుకొమ్ము
చాలదు, ఎంత చల్లుతున్నావో లెక్క ఉండాలి. ట్యూబులర్ యాసిడ్ సాంద్రత 1.24 దగ్గర ఉంటుంది. లీటరులో సుమారు 400 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం. పూర్తిగా చంపాలంటే లీటరుకి దాదాపు 700 గ్రాముల వంటసోడా. తడిపి ఆరిన సున్నప్పొడి అయితే 300 గ్రాములు చాలు, కానీ వేడెక్కుతుంది, కొద్దికొద్దిగా వెయ్యాలి. సోడా నురగ ఆగిపోతే పని అయినట్టు. ఇంకా తడపని కాల్చిన సున్నం మాత్రం వాడొద్దు, చిటపటలాడి కళ్ళలో పడుతుంది.
ఆమ్లం చచ్చినా సీసం చావదు. ఆ ముద్దని ఊడ్చి ప్లాస్టిక్ బకెట్లో మూతపెట్టి బ్యాటరీలతో పాటే పంపాలి. పగిలిన రెండింటినీ విడిగా ప్లాస్టిక్ టబ్బుల్లో నిలబెట్టు. మిగతావి చెక్క పలకల మీద, నిటారుగా, రెండు వరసలకి మించకుండా. టెర్మినల్స్‌కి టేపు.

మల్కాపురం_మామ
ఇంత తతంగమా. ఇక్కడ రోడ్డు పక్కన గొడ్డలితో రెండు దెబ్బలేసి ప్లేట్లు పీకేస్తారు.

పసుపుకొమ్ము
@మల్కాపురం_మామ పీకేది ప్లేట్లే, వాళ్ళకి దక్కేది అందులో సగమే. ప్లేటులో లోహపు జాలీ 330 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. జాలీ మీది పేస్టులో ఎక్కువ భాగం సీసం సల్ఫేటు. దాన్నుంచి సీసం రావాలంటే సోడా యాష్, ఇనప ముక్కలు, బొగ్గు కలిపి వెయ్యి డిగ్రీల కొలిమి కావాలి. పొయ్యి మీద బొగ్గేసి ఊదితే కొంత పొగై పోతుంది, కొంత చిట్టెంలో ఉండిపోతుంది. ఆ చిట్టెం రోడ్డు వారన గుట్ట. వాన పడితే మళ్ళీ @గెడ్డ_గట్టు గారి దగ్గరికే.

గుజిరీ_గురువు
అయినా దొంగకొలిమి వాడే కిలోకి రెండు మూడు రూపాయలు ఎక్కువిస్తాడు. పొగ వడకట్టే బ్యాగ్ ఫిల్టరు లేదు, కరెంటు ఖర్చు లేదు, కూలీల రక్తపరీక్షలు లేవు. ఆ మిగులే నీకిస్తున్నాడు.

ఫారం_పది
కాగితాల సంగతి. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు 2022 ఆగస్టులో వచ్చాయి, 2001 నాటివి పోయాయి. ఇప్పుడు బ్యాటరీ తయారీదారుకే వెనక్కి తీసుకునే బాధ్యత ఉంది. రీసైక్లర్ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదై ఉండాలి. వాళ్ళని అడగాల్సినవి రెండే: నమోదు సంఖ్య, రాష్ట్ర మండలి ఇచ్చిన అనుమతిలో ఏడాదికి ఎన్ని టన్నులని ఉంది. రెండోది చెప్పడానికి నీళ్ళు నమిలితే వాడు రీసైక్లర్ కాదు, మధ్యవర్తి.
కొత్త బ్యాటరీలు కొనే పని ఉంటే షాపులో మార్పిడికి ఇవ్వడం అన్నిటికన్నా తేలిక. బిల్లులో పాత బ్యాటరీకి తగ్గింపు విడిగా రాయించుకో.

రివర్స్‌ఛార్జ్
పన్ను మెలిక ఒకటుంది. 2024 అక్టోబరు 10 నుంచి జీఎస్టీలో నమోదు కాని వాడి దగ్గర లోహపు తుక్కు కొంటే జీఎస్టీ కొనేవాడే కట్టాలి. కానీ అది జీఎస్టీ సరుకుల పట్టికలో 72 నుంచి 81వ చాప్టర్ల సరుక్కే. సీసం రేకు 78లో ఉంది, వర్తిస్తుంది. పాత బ్యాటరీ 85లో ఉంది, వర్తించదు. రెండూ ఒకే బిల్లులో 'లెడ్ స్క్రాప్' అని రాసేస్తారు, తర్వాత నోటీసు వస్తే తల పట్టుకుంటారు.

కాటా_కింగ్
విదేశీ కొనుగోలుదారుల భాషలో కూడా వేరే సరుకులే. యాసిడ్ తీసిన బ్యాటరీ 'రెయిన్స్', మెత్త సీసం 'రాక్స్', సీసం తొడుగున్న రాగి కేబుల్ 'రిలే'. ఈ మూడు మాటలూ వాడి చూడు, కొట్టాయన కుర్చీ వేస్తాడు.

వలగుళ్ళు
ఆ 60 కిలోల రేకు హార్బర్‌లో అమ్ము. వలలకి గుళ్ళు పోసేవాళ్ళు గుజిరీ కన్నా మెరుగైన రేటిస్తారు. మెత్త సీసమే కావాలి వాళ్ళకి.

ఆటోనగర్_షెడ్డు
ఎక్స్‌రే గదిది కదా, రేడియేషన్ పట్టి ఉంటుందేమో అని మా తమ్ముడి భయం. ఇంకోటి, కరిగించి దిమ్మలు పోస్తే రేటు పెరుగుతుందా?

ఎన్‌డీటీ_నైట్‌షిఫ్ట్
ఎక్స్‌రే మిషన్ ఆపగానే ఎక్స్‌రే ఆగిపోతుంది, లైటు ఆర్పితే గోడలో వెలుగు మిగలనట్టే. రేకుకి ఏమీ పట్టదు. ఆ రేకు మీది తెల్ల బూడిదే అసలు విషం.

పసుపుకొమ్ము
దిమ్మలు పొయ్యొద్దు. మూడు కారణాలు. ఒకటి, రేకు అయితే చూడగానే మెత్త సీసమని తెలుస్తుంది. దిమ్మ అయితే లోపల ఏం కలిపావో అని కొనేవాడికి అనుమానం, రేటు తగ్గిస్తాడు. రెండు, తెట్టుగా కొంత పోతుంది. మూడు, రేకు మడతలో చుక్క నీరున్నా కరిగిన సీసంలో పడగానే ఆవిరై మొత్తం ఎగజిమ్ముతుంది.
హార్బర్ దగ్గర గుళ్ళు పోసేవాళ్ళకీ ఒక మాట. 400 డిగ్రీల లోపల సీసం ఆవిరి తక్కువే, అందరూ దానికే భయపడతారు. ఒంటికి చేరేది తెట్టు తీసేటప్పుడు లేచే పసుప్పచ్చ, బూడిద రంగు దుమ్ము. ఆ చేత్తో బీడీ, ఆ చొక్కాతో ఇంటికి. ఇంట్లో పిల్లలకి వెళ్ళేది చొక్కా నుంచే. వంటపాత్ర వాడితే దాన్ని మళ్ళీ వంటకి వాడకూడదు, తోమినా సరే.

వలగుళ్ళు
టైరు బ్యాలెన్సింగ్ గుళ్ళు కలిపి కరిగిస్తే గుళ్ళు పెళుసుగా, గరుగ్గా వస్తున్నాయి. ఎందుకు?

కాటా_కింగ్
ఇప్పటి టైరు గుళ్ళలో చాలావరకు జింకువి, ఇనుమువి. కటింగ్ ప్లేయరుతో కొరికి చూడు. సీసం వెన్నలా తెగుతుంది, జింకు పంటికి రాదు. తెలియక వేసేసినా జింకు కరిగేది 419కి, సీసం 327కి. మంట 400 దాటనివ్వకపోతే జింకు పైన తేలుతుంది, గరిటెతో తీసెయ్యొచ్చు. దాటిందా, పాత్ర మొత్తం పోయినట్టే.

మల్కాపురం_మామ
సెల్స్ సంగతి ఎవరూ చెప్పలేదు. తెల్ల డబ్బాల్లో ఉన్నవి. అవీ బ్యాటరీలే కదా, యాసిడ్ బ్యాటరీలతో కలిపి తూచేస్తే ఏటి?

పసుపుకొమ్ము
కలపొద్దు! ముందు ఏవో తేల్చు. వోల్ట్‌మీటరు పెడితే సెల్ ఒక్కోటి 2 వోల్టుల దగ్గర చూపిస్తే సీసం, 1.2 దగ్గర అయితే నికెల్-కాడ్మియం. చార్జి లేక మీటరు పలకకపోతే ఇంట్లో పసుపు చాలు. తడి కాగితానికి పసుపు రాసి, గాజు పుల్లతో లోపలి ద్రవం ఒక్క చుక్క పెట్టు. ఎర్రబడి పారాణి రంగు వస్తే క్షారం, అంటే పొటాషియం హైడ్రాక్సైడ్. పసుపు పసుపుగానే ఉంటే ఆమ్లం. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. క్షారం చర్మం మీద మొదట మండదు, సబ్బులా జారుతుంది, అందుకే జనం ఆలస్యంగా కడుక్కుంటారు.

ఆటోనగర్_షెడ్డు
పారాణే. మూతల దగ్గర తెల్లపొడి కూడా ఉంది.

పసుపుకొమ్ము
అయితే నికెల్-కాడ్మియమే. తెల్లపొడి పొటాషియం కార్బొనేటు, గాలి తగిలి ఏర్పడింది. మూతలు బిగించి, నిటారుగా, ఆమ్లం బ్యాటరీలకి దూరంగా వేరే గోడ వార పెట్టు. అవీ ఇవీ ఒకే చోట కారితే సలసల కాగుతాయి. ఒలికితే దీనికి సోడా పనికిరాదు, బోరిక్ పౌడరు కలిపిన నీళ్ళు.

గెడ్డ_గట్టు
క్యారమ్ బోర్డు పౌడరుకి ఇన్నాళ్ళకి ఒక ప్రయోజనం.

గుజిరీ_గురువు
ఈ సెల్స్‌కి రేటు అడిగితే కొట్లో 'ఇనుము రేటు' అంటారు. లోపల నికెల్ పూత ప్లేట్లు ఉన్నాయి కాబట్టి పైకి ఏమీ అనకుండా తీసుకుంటారు. సమస్య తర్వాత. ఎవడో ప్లేట్లు పీకి ఇనుప తుక్కులో కలిపి ఇండక్షన్ ఫర్నేసుకి పంపుతాడు. ఇనుము కరగడానికి 1500 పైన కావాలి, కాడ్మియం 767కే మరిగిపోతుంది. ఫర్నేసు పక్కన నిలబడ్డవాడు ఆ పొగ పీలుస్తాడు.

పసుపుకొమ్ము
ఆ పొగ మోసం ఏంటంటే పీల్చినప్పుడు పెద్దగా ఏమీ తెలియదు. గొంతు గరగర, కొంచెం జ్వరం. జింకు పొగ జ్వరమే అనుకుని పాలు తాగి పడుకుంటారు. జింకుదైతే మర్నాటికి తగ్గుతుంది. కాడ్మియందైతే మర్నాటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వెల్డరుకైనా ఏసీ మెకానిక్కుకైనా పాత రకం వెండి బ్రేజింగ్ కడ్డీతో ఇదే ప్రమాదం, కొన్నిటిలో నాలుగో వంతు దాకా కాడ్మియమే. పాలు దేనికీ విరుగుడు కాదు.

మల్కాపురం_మామ
మన జింకు ఫ్యాక్టరీ ఉన్నప్పుడు కాడ్మియం అక్కడే తీసేవారు కదా. వాళ్ళు తీసుకోరా?

ఫారం_పది
1977లో మొదలైన ప్లాంటు, 2012లోనే ఆపేశారు మామా. అక్కడ తీసింది కూడా జింకు ఖనిజంతో పాటు వచ్చిన కాడ్మియం, బ్యాటరీల నుంచి కాదు. ఈ సెల్స్ తయారీదారుకి వెనక్కి పంపడమే దారి. డబ్బా మీద కంపెనీ పేరు ఉంటుంది, ఉత్తరం రాయి. 40 సెల్స్ అంటే వాళ్ళు పట్టించుకునే లాటే. ఎవరూ తీసుకోకపోతే ఆఖరి మజిలీ పరవాడ ఫార్మా సిటీలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం. అక్కడ డబ్బు రాదు, నువ్వే కట్టాలి. లారీతో పాటు ఫారం 10 మానిఫెస్టు (వ్యర్థాల రవాణా పత్రం) ఉండాలి. నీ కాపీ దాచుకో.

ఆటోనగర్_షెడ్డు
రాగి రంగు పనిముట్ల మీద కొట్టాయన లోహంలో ఏముందో చెప్పే గన్ పెట్టి చూశాడు. 97 శాతం రాగి అని వచ్చింది. రాగి రేటిస్తే ఇచ్చెయ్యనా?

ఎన్‌డీటీ_నైట్‌షిఫ్ట్
ఆ సుత్తులు, స్పానర్లు మామూలు రాగికి ఉండనంత గట్టిగా ఉన్నాయా? ఉంటే అది వట్టి రాగి కాదు. నిప్పురవ్వ రాకూడదని రిఫైనరీల్లో, గ్యాసు ఉండే చోట వాడే బెరీలియం రాగి. 2 శాతం లోపే బెరీలియం, కానీ ఆ కొంచెంతోనే ఉక్కంత గట్టిదనం వస్తుంది. చేతి గన్ ఎక్స్‌రేతో పనిచేస్తుంది, అది మెగ్నీషియం కన్నా తేలిక మూలకాలని చూడలేదు. బెరీలియం దానికి గుడ్డిచుక్క. అందుకే బెరీలియం ఊసే లేకుండా రాగి అని చెప్పేసింది. రాగి అంత ఎక్కువ చూపిస్తూ ఇంత గట్టిగా ఉందంటేనే అనుమానించాలి.
ముద్దగా చేతిలో పట్టుకుంటే ఏమీ కాదు. గ్రైండింగ్ చక్రం పెట్టినా, ఆకురాయితో రాసినా, కరిగించినా ముప్పు. ఆ దుమ్ము కొందరి ఊపిరితిత్తుల్ని ఏళ్ళ తర్వాత గడ్డకట్టిస్తుంది, పూర్తిగా నయం చేసే మందు లేదు. పువ్వులా విచ్చుకున్న సుత్తి అంచుల్ని 'నీట్‌గా' చేద్దామనుకోకు.

గుజిరీ_గురువు
తుక్కుగా ఎందుకు, పనిముట్లుగానే అమ్ము. కొత్త సెట్టు ఖరీదు తెలిసిన కాంట్రాక్టరు ఎవరైనా రాగి రేటుకి రెట్టింపు ఇస్తాడు. అల్యూమినియం కంచు రకం కూడా ఇదే రంగులో ఉంటుంది, దానికి గన్‌లో రాగి 80 దగ్గర చూపిస్తుంది.

మల్కాపురం_మామ
పాదరసం తీసి సీసాలో పోసి కంసాలి వీధిలో ఇస్తే?

పసుపుకొమ్ము
బీపీ మిషన్ ఒక్కోదాంట్లో సుమారు 100 గ్రాములు. రెండూ కలిపి టీ గ్లాసు అడుగు కూడా నిండదు. దానికోసం తెరవకు. పెట్టె మూసి, రబ్బరు ట్యూబు మడిచి కట్టి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టు. అల్యూమినియం డబ్బాలో వద్దు, పాదరసం తగిలితే అల్యూమినియం పుచ్చిపోతుంది. ఒలికితే చీపురు, వాక్యూం రెండూ నిషిద్ధం, చిన్న గుళ్ళుగా చెదిరి గదంతా ఆవిరి అవుతుంది. కిటికీలు తీసి, అట్టముక్కతో పోగేసి, సిరంజితో లాగి, సందుల్లో గంధకం పొడి చల్లాలి. చేతికున్న బంగారం ముందు తీసెయ్యాలి. ఉంగరం తెల్లగా మారాక కంసాలి కొలిమిలో పెడితే ఆవిరంతా ఆయన ముక్కులోకే.

గెడ్డ_గట్టు
ఎర్ర పాదరసం ఉంటే కోట్లు అని ఒక వాట్సాప్ బృందం...

కాటా_కింగ్
రైస్ పుల్లింగ్ మోసం బ్యాచ్ దిగింది. ఆ డబ్బా బియ్యం లాగుతుందేమో కూడా చూడమనండి.
డబ్బా అంటే గుర్తొచ్చింది, @ఆటోనగర్_షెడ్డు దాని కొలతలు చెప్పు.

ఆటోనగర్_షెడ్డు
వ్యాసం 15 సెంటీమీటర్లు, ఎత్తు 15. కొన్నప్పటి కాటా చీటీ మీద 30 కిలోలు.

కాటా_కింగ్
ఘనపరిమాణం 2650 ఘన సెం.మీ. బరువు భాగిస్తే 11.3. సీసం సాంద్రత 11.34. సీసమే. కోసి అమ్మెయ్యి.

ఎన్‌డీటీ_నైట్‌షిఫ్ట్
ఆగండి. కొయ్యొద్దు. ఆ లెక్కలో తప్పుంది.
పైన ఇనుప తొడుగు ఉందన్నాడు. ఇనుము 7.85. తొడుగు 3 మిల్లీమీటర్లే అనుకున్నా దాని బరువు 2.4 కిలోలు. లోపల మిగిలిన 2345 ఘన సెం.మీ.లో 27.6 కిలోలు. అంటే 11.8. సీసం కన్నా ఎక్కువ, అదీ లోపల ఖాళీ ఏమీ లేదనుకుంటేనే. ఇలాంటి డబ్బాల్లో మధ్యలో గొట్టం ఉంటుంది, అప్పుడు ఇంకా పెరుగుతుంది. సీసం కన్నా బరువైనవి తుక్కులో ముఖ్యంగా రెండు దొరుకుతాయి, టంగ్‌స్టన్, క్షీణ యురేనియం (డిప్లీటెడ్ యురేనియం). వెల్డు ఫొటోలు తీసే రేడియోగ్రఫీ కెమెరాలకి రక్షణ కవచం ఎక్కువగా ఆ యురేనియంతో చేస్తారు. షిప్‌యార్డు, స్టీలు ప్లాంటు ఉన్న ఊళ్ళో అది తుక్కులో తేలడం వింతేమీ కాదు.

కాటా_కింగ్
టేపు 2 మిల్లీమీటర్లు తప్పు చదివినా లెక్క 4 శాతం మారుతుంది. సీసమే అయ్యుండొచ్చు.

ఎన్‌డీటీ_నైట్‌షిఫ్ట్
అయ్యుండొచ్చు. సీసపు డబ్బా అయినా అంత మందం సీసం దేనికి పోశారు? లోపల ఏదో పెట్టడానికే కదా. తేల్చాల్సింది టేపు కాదు, రేడియేషన్ మీటరు. ఫోన్లో రేడియేషన్ యాప్‌లు నమ్మొద్దు.
లోపల ఉన్నది రేడియోధార్మిక ఇరిడియం-192 అయితే దాని బలం 74 రోజులకి సగం అవుతుంది, రెండేళ్ళకి వెయ్యో వంతు. కోబాల్ట్-60కి సగం కావడానికే 5 ఏళ్ళు పైన. ఏదుందో నీకు తెలియదు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో కోబాల్ట్-60 ఉన్న పరికరాన్ని తుక్కు కోసం కోశారు. ఒకరు చనిపోయారు.
ఇప్పుడు చెయ్యాల్సింది: డబ్బా కదపొద్దు, ఇంకోసారి తూచొద్దు. బయటికొచ్చి తాళం వెయ్యి. దూరం రెట్టింపు అయితే మోతాదు నాలుగో వంతు అవుతుంది, కాబట్టి కుర్చీ షెడ్డు గోడకి ఆనించి కూర్చోవద్దు. డబ్బా ఎత్తినవాళ్ళ పేర్లు, ఎప్పుడు ఎత్తారో రాసుకో. 112కి ఫోన్ చేసి 'రేడియోధార్మిక వస్తువు అనుమానం' అని అదే మాట చెప్పు. ముంబయిలో అణుశక్తి నియంత్రణ మండలికీ తెలియజేయాలి.

ఆటోనగర్_షెడ్డు
పాత ఫొటో పెద్దది చేసి చూశా. గ్రీజు కింద పసుపు పలక అంచు కనిపిస్తోంది. నల్లటి ఫ్యాను రెక్కలా ఒకటి. మిగతాది మట్టి.

ఎన్‌డీటీ_నైట్‌షిఫ్ట్
రేడియేషన్ హెచ్చరికకి వాడే మూడు రెక్కల గుర్తే అయ్యుంటుంది. తుడిచి చూడొద్దు. ఫోన్ చెయ్యి.

గుజిరీ_గురువు
గుత్త రేటులో ఆయనకి కనపడింది ఏదో ఇప్పుడు తెలిసింది. సీసం కోసం ఆ రాత్రే కోసేవాడు.

మల్కాపురం_మామ
ట్యూబులైట్లు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఫారం_పది
మామా, ఇప్పుడా. సరే: ఈ-వ్యర్థాల నిబంధనల కిందకి వస్తాయి, పగలగొట్టకుండా పాత అట్టపెట్టెల్లో నిలబెట్టి నమోదైన ఈ-వ్యర్థాల సంస్థకి. చివర అల్యూమినియం మూతల కోసం విరిచేవాడికి ఇవ్వొద్దు, ఒక్కో ట్యూబులో కొన్ని మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది.

ఆటోనగర్_షెడ్డు
పోలీసులు వచ్చి తాడు కట్టారు. మీటరు తెచ్చేవాళ్ళు రేపు వస్తారట. అప్పటిదాకా బ్యాటరీలు కూడా బయటికి తియ్యొద్దన్నారు. గుజిరీ ఆయన ఫోన్ చేశాడు, డబ్బా పక్కన పెట్టి మిగతాది గుత్తకి ఇస్తావా అని.

కాటా_కింగ్
రేటు పెంచాడా?

ఆటోనగర్_షెడ్డు
కిలోకి రెండు రూపాయలు.